బ్యాంకింటాయన

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఆయన ఫొటో వచ్చింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కాలి మీద కాలు వేసుకుని కూర్చున్న ఫొటో. "మన కాలనీకి బ్యాంకు తెచ్చిన మహనీయుడు ఇక లేరు" అని కింద ఎవరో రాశారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉన్నాయి. నేను అప్పుడు కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్‌కు చేతులు అతుకుతున్నాను. ఫోను బోర్లా పెట్టి, రెండో చెయ్యి కూడా అతికి, దారం కొరికి, అప్పుడు లేచాను.

దుకాణం వెనకే మా ఇల్లు. లోపల మా అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆమెను మేము చిన్నప్పటి నుంచి అవ్వ అనే పిలుస్తాం. చూపు తగ్గాక బీడీలు చుట్టడం మానేసింది. చేతులు మాత్రం ఊరుకోవు. నేను కత్తిరించి పారేసిన గుడ్డ పీలికలు ఒళ్లో వేసుకుని వాటినే చుడుతూ కూర్చుంటుంది.

"అవ్వా, బ్యాంకింటాయన పోయిండట" అన్నాను.

"ఎవరూ? మెట్ల కాడ కాళ్లు సాపుకొని కూసునెటాయిననా?"

"ఆయ్నే."

"ఆఁ" అంది. చేతిలో ఉన్న పీలికను చివరిదాకా చుట్టింది. "చాయ్ పెట్టు బిడ్డా. జర అల్లం ఎక్కువెయ్యి."

అంతే. ఆయన గురించి మా ఇంట్లో ఇంకో మాట రాలేదు. బయట మాత్రం వారం రోజులు మంచి మాటలే నడిచాయి. కాలనీ అంతా కలిసి ఇంత మంచి చెప్పాక నేను కూడా ఒక చెంచాడు కలపనక్కర లేదు. నేను చూసిన మనిషి వేరు.

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్కన, టౌను అయిపోయి పొలాలు మొదలయ్యే చోట మా కాలనీ ఉంటుంది. ఒకప్పుడు ఇదీ పొలమే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీని ప్రైవేటుకు అమ్మేశాక పని పోయినవాళ్లు కొందరు, ఊళ్లలో పసుపూ వరీ పండించుకుంటూ పిల్లల చదువుల కోసం టౌను పక్కకు చేరినవాళ్లు కొందరు ఇక్కడ ప్లాట్లు కొనుక్కున్నారు. మా బాపు ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర పని చేసినవాడు. పని పోయినప్పుడు వచ్చిన పైసలతో రెండు గదులు వేశాడు. ఆ పైన ఇల్లు నడిచింది అవ్వ చుట్టిన బీడీల మీదే.

అప్పట్లో బ్యాంకు పని పడితే టౌనులో కంఠేశ్వర్ దాకా పోవాలి. ఆటో కోసం నిలబడాలి, అక్కడికి పోయి వరుసలో నిలబడాలి, తిరిగొచ్చేసరికి ఒక పూట పోయేది. ఆ పూట బీడీలూ పోయేవి. అందుకని ఆడవాళ్లంతా గల్లీలోనే ఒకామె దగ్గర చిట్టీ కట్టేవాళ్లు. ఒక పొద్దున ఆమె ఇంటికి తాళం కనిపించింది. తర్వాత ఆమె కనిపించలేదు.

అలాంటి సమయంలో ఆయన బ్యాంకు తెచ్చాడు. ఇది నిజం, కాదనను. కాలనీ మొత్తంలో మొదటి మేడ ఆయనదే. రోడ్డు మలుపులో, అటూ ఇటూ రెండు వైపులా కనిపించేటట్టు కట్టాడు. హైదరాబాద్ దాకా తిరిగి, ఎవరెవరినో పట్టుకుని, కింది అంతస్తు కిరాయికి ఇస్తానని ఒప్పించి ఒక బ్యాంకు శాఖ పెట్టించాడు. ముందు గదుల గోడలు కొట్టేసి హాలు చేయించాడు. పైసలు పెట్టే ఇనుప బీరువాకు కిటికీ లేని గది కావాలన్నారట. ఆ ఇంట్లో కిటికీ లేనిది పూజగది ఒక్కటే. దేవుళ్లను మేడ మీది వంటింటి అలమారలోకి మార్చి, ఆ గదికి ఇనుప తలుపు బిగించారు. ఆయన భార్య అప్పుడప్పుడు మెట్ల మీద నిలబడి కిందికి చూసేది. ఎవరైనా తలెత్తి చూస్తే లోపలికి పోయేది.

బ్యాంకు తెరిచిన నాటి నుంచి ఆయన కుర్సీ బయటికొచ్చింది.

ప్లాస్టిక్ కుర్సీ కాదు, చేతులున్న టేకు కుర్సీ. బ్యాంకు మెట్ల పక్కన వేయించుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని, తలుపులు తెరవక ముందే కూర్చునేవాడు. కూర్చుని రెండు కాళ్లూ మొదటి మెట్టుకు అడ్డంగా చాపేవాడు. ఎవరొచ్చినా ముడుచుకునేవాడు కాదు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పట్టుకుని చుట్టూ తిరిగి ఎక్కేవాళ్లు. మేనేజరు వస్తే ఒక కాలు వెనక్కి తీసుకునేవాడు. అది ఆయన మర్యాద.

రాయడం రానివాళ్లకు ఫారాలు ఆయనే నింపేవాడు. మా కాలనీలో అప్పుడు రానివాళ్లే ఎక్కువ. పైసా తీసుకునేవాడు కాదు. అందుకే అందరూ దండం పెట్టేవాళ్లు. కానీ నింపే పద్ధతి ఒకటుండేది. "ఎవరి పేరు మీద?" అని అడిగేవాడు. "ఎంత?" అని అడిగేవాడు. ఎవరైనా మెల్లగా చెబితే, "గట్టిగ చెప్పు చెల్లె, నాకు చెవులు సరిగ వినపడయ్" అనేవాడు. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటే అక్కడి నుంచే జవాబు చెప్పగల చెవులు అవి. వాళ్లు గట్టిగా చెప్పేవాళ్లు. రాస్తూ ఆయన ఇంకా గట్టిగా చదివేవాడు. వరుసలో ఉన్న అందరికీ వినబడేది. రాయడం అయ్యాక కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఆ మనిషిని కింది నుంచి పైదాకా ఒకసారి చూసేవాడు, ఇన్ని పైసలు ఈ మనిషికి ఎక్కడివన్నట్టు.

ఎవరైనా నొచ్చుకుంటే ఒకటే మాట. "నా ఇంట్ల నాకు తెల్వకుంట ఎట్లయితది?"

తెలుసుకోవడంతో ఆగేవాడు కాదు. ఎవరికి ఎంత జమ ఉందో, ఎవరి కిస్తీ ఎన్ని నెలలు ఆగిందో ఆయన దగ్గర దొరికేది. పిల్లనిచ్చేవాళ్లు, తెచ్చుకునేవాళ్లు ముందు ఆయన కుర్సీ దగ్గరికే వచ్చేవాళ్లు. పండ్లు తెచ్చేవాళ్లు. ఆయన పండు చేతిలో తిప్పుతూ, "పైకి గట్ల కనవడ్తరు గని లోపట ఏం లేదు" అనేవాడు. ఒక సంబంధం అక్కడే పోయేది. సరిహద్దు అవతలి నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన మరాఠీ కూలీలు ఇంటికి పైసలు పంపడానికి వస్తే, వాళ్ల భాషలోనే వాళ్లను వెక్కిరించి, వాళ్లతోనే నవ్వించేవాడు.

బ్యాంకువాళ్లకు ఇది తెలియదనుకోవద్దు. ఒక మేనేజరు, కొత్తగా వచ్చిన కుర్రవాడు, ఫారాలు నింపడానికి లోపల ఒక మనిషిని పెట్టి, "పెద్దాయనా, కుర్సీ కొంచెం అటు జరపండి, జనానికి ఇబ్బందిగా ఉంది" అన్నాడట. ఆయన కుర్సీ ఎత్తుకుని మేడ మీదికి పోయాడు. నీళ్ల మోటారు స్విచ్చి మేడ మీదే ఉండేది. బ్యాంకులో నల్లాలు ఎండిపోయాయి. లోపల పని చేసే ఆడపిల్లలు పక్కిళ్లకు పోయి బాత్రూము అడుక్కోవలసి వచ్చింది. చివరికి ఆ మేనేజరే మేడ ఎక్కి, కుర్సీ తన చేతులతో దింపుకుని వచ్చి పాత చోట వేశాడు. ఆ పిల్లవాడు తలవంచుకుని కుర్సీ మోసుకొస్తుంటే మెట్ల కింద జనం నవ్వారు. ఈయన మాత్రం నవ్వలేదు. వెనకాలే నెమ్మదిగా దిగి వచ్చి, కూర్చుని, కాళ్లు చాపాడు.

మా అవ్వకు ఆ బ్యాంకంటే ఇష్టం. ఎందుకంటే లోపల కౌంటరు దగ్గర ఉండే అమ్మాయి "సాయవ్వ గారూ" అని పిలిచేది. గల్లీలో అవ్వను ఎవరూ పేరుతో పిలిచేవాళ్లు కాదు. ఫలానా ఆయన పెండ్లం, ఫలానా పిల్ల అవ్వ, లేకపోతే బీడీల అక్క. "గా పిల్ల గారు అంటది బిడ్డా, నాకు సిగ్గయితది" అని నవ్వేది. కానీ వారం వారం పోయేది. బీడీల పైసలు వచ్చిన రోజున ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంట పెట్టుకుని పోయేది.

ఆ జమ నా చదువు కోసం. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా వీధిలో ఒకామె జిల్లా ఆసుపత్రిలో నర్సు. తెల్లచీర కట్టుకుని, భుజానికి సంచి వేసుకుని పొద్దున ఆమె బస్సెక్కడం చూసి, నేనూ నర్సునవుతానని అవ్వతో అన్నాను. "అట్లనే కా బిడ్డా. ఎవ్వలకు చెప్పకు. బాపుకు గూడ చెప్పకు. సీటు వచ్చినంక చెప్పుదాం" అంది.

బాపుకు ఎందుకు చెప్పొద్దో నాకు తెలుసు. బాపు చెడ్డవాడు కాదు. ఫ్యాక్టరీ పని పోయాక మనిషి కుదురు పోయింది. ఏదో ఒకటి చేసి మళ్లీ నలుగురిలో నిలబడాలని తిరిగేవాడు. అప్పుడే ఎవరో ఒక పాత లారీలో వాటా ఇస్తామన్నారు. చెరకు మోసే లారీ. దాని కోసం చేబదులు అడుగుతూ తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరుగుతున్నాడు.

నాకు నర్సింగు స్కూల్లో సీటు వచ్చింది. ఫీజు కట్టే రోజు ఇంకా రాలేదు. ఆ మధ్యలోనే ఒక సాయంత్రం మలుపు దగ్గరి చాయ్ హోటల్లో బాపు కూర్చుని ఉంటే, బ్యాంకింటాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పది మంది ఉన్నారక్కడ.

"ఏమయ్యా, పైసలకు ఇల్లిల్లు తిరుగుతున్నవట?" అన్నాడు.

"అవునన్నా, జర లారీ కోసం."

"ఇంట్లనే పెట్టుకొని బయట తిరుగుడు దేనికి? మీ ఇంటామెను అడుగరాదు? మంచిగనే ఎనకేసింది. నాచేతనే రాపిచ్చుకుంటది వారం వారం."

అక్కడున్నవాళ్లు నవ్వారు. పెళ్లాం దాచుకున్న సంగతి మొగుడికి తెలియదన్నది వాళ్లకు నవ్వు. బాపు చాయ్ సగంలో వదిలేసి ఇంటికి వచ్చాడు.

అవ్వ వాకిట్లో చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను పక్కన ఆకు కత్తిరిస్తున్నాను. బాపు తిట్టలేదు, చెయ్యెత్తలేదు. గడప మీద కూర్చున్నాడు.

"నాకు చెప్పకుంటనా సాయవ్వా?" అన్నాడు.

బాపు అవ్వను పేరు పెట్టి పిలవడం నేను విన్నది అదొక్కసారే. అవ్వ చేతులు ఆగిపోయాయి. నా వైపు చూసింది. నేను ఆకు వైపు చూశాను. మర్నాడు అవ్వ బాపుతో బ్యాంకుకు పోయి వచ్చింది. నన్ను రమ్మనలేదు.

లారీ రెండు పంటకాలాలు కూడా నడవలేదు. వాటా ఇచ్చినవాళ్లు లారీతో సహా ఎటో పోయారు. బాపు తర్వాత చాలా ఏళ్లు బతికాడు కానీ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మా ముందు నుంచి లారీ పోతే ముఖం అటు తిప్పుకునేవాడు. నేను నర్సింగు స్కూలు గేటు కూడా చూడలేదు. కుట్టుపని నేర్చుకున్నాను.

పైసలు ఇచ్చేసిన తర్వాతి వారం అవ్వ నన్ను తీసుకుని బ్యాంకు దగ్గరికి పోయింది. లోపలికి కాదు. కుర్సీ ముందు నిలబడింది.

"అన్నా, ఎందుకు చెప్పినవ్?"

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. "ఏంది చెల్లె?"

"నా పిల్ల సదువు పైసలవి. నువ్వెందుకు చెప్పినవ్?"

"నీ మంచికే చెప్పిన. మొగనికి తెల్వని పైస ఇంట్ల ఉంటె ఇల్లు నిలువది. రేపు ఏదన్నయితే నన్నే అంటరు, నా ఇంట్ల నాకు తెల్వకుంట ఎట్లయిందని." తర్వాత నావైపు తిరిగి, "ఆడపిల్లను ఎంత సదివిచ్చినా ఏం చేస్తది? అవ్వకు చెప్పు బిడ్డా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వులో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. చేసింది మంచిపని అని ఆయన నిజంగానే నమ్మాడు. నాకు ఆయన మీద ఇప్పటికీ చల్లారనిది అదే. తప్పు చేశానని తెలిసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో.

అవ్వ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఆమె బ్యాంకు మెట్లు ఎక్కలేదు. బీడీల పైసలు ఇంట్లోనే, చీరల మడతల్లో, బియ్యం డబ్బాలో పెట్టుకునేది. నాకు పెళ్లయి, ఇదే కాలనీలో దుకాణం పెట్టుకున్నాక, "నా ఖాతాల వేస్త, ఇయ్యి" అంటే కూడా ఇచ్చేది కాదు.

అందుకే పెద్దనోట్లు చెల్లవని చెప్పిన రోజుల్లో అవ్వ పరిస్థితి ఎలా అయిందో చెప్పనక్కర లేదు. చీరలన్నీ దులిపింది. డబ్బాలన్నీ వొంపింది. మూటకట్టుకుని మళ్లీ ఆ మెట్ల దగ్గరికే పోవలసి వచ్చింది. నేను వెంట పోయాను.

ఆ రోజులు ఆయనకు పండగ. బ్యాంకు ముందు షామియానా వేయించాడు. కుండల్లో నీళ్లు పెట్టించాడు. ఆ నీళ్లు నేనూ తాగాను. వరుస మలుపు దాటి, చాయ్ హోటలు దాటి పోయింది. ఎవరు ముందు పోవాలో, ఎవరు మళ్లీ రేపు రావాలో చెప్పేది ఆయనే. తనకు తెలిసినవాళ్లు వస్తే వేలితో సైగ చేసేవాడు, వాళ్లు పక్కనుంచి లోపలికి పోయేవాళ్లు. మిగతావాళ్లు ఎండలో నిలబడి, ఆయన తమ వైపు ఎప్పుడు చూస్తాడా అని చూసేవాళ్లు.

మా వంతు మెట్ల దాకా వచ్చింది. అవ్వ కొంగులో మూట చూశాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"అరే! చెల్లె! ఇన్నేండ్లు ఇంట్లనే దాసినవా?" అన్నాడు, వెనక నిలబడ్డ అందరి వైపూ తిరిగి. "చూసిన్రా? ఇంటి ముందటికి బ్యాంకు తెచ్చి పెడితె, బియ్యం డబ్బల దాసుకుంటరు. బ్యాంకు మీద నమ్మకం లేకపాయెనా చెల్లె?"

అవ్వ తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఎప్పుడూ అలా చూడని మనిషి అప్పుడు చూసింది.

"బ్యాంకు మీద ఉండె అన్నా" అంది. "మెట్ల కాడ కూసున్నోల్ల మీదనే లేకపాయె."

ఆయన పకపకా నవ్వాడు, అవ్వ సరసమాడినట్టు. "సాయవ్వకు మాటలొస్తయిరా!" అన్నాడు. ఆయన నవ్వాడు కాబట్టి వరుస అంతా నవ్వింది. మా పక్కింటివాళ్లు నవ్వారు. ఆయన చేతిలో సంబంధం చెడిపోయిన ఆడపిల్ల తండ్రి కూడా నవ్వాడు, ఎందుకంటే అతనింకా లోపలికి పోవాలి. అవ్వ మాత్రం కుచ్చిళ్లు పట్టుకోలేదు. ఆయన కాళ్లను చీర అంచుతో రాసుకుంటూనే నేరుగా మెట్లెక్కింది.

తర్వాత కాలం తిరిగింది. మెయిన్ రోడ్డు మీద బ్యాంకులు ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. డబ్బాలో కార్డు పెడితే నోట్లొచ్చే గదులు వచ్చాయి. కూరగాయల బండి మీద కూడా ఫోనుతో పైసలు ఇచ్చే అట్టముక్క వేలాడింది. కుర్సీ చుట్టూ జనం పలచబడ్డారు. ఒక రోజు ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయిందని, శాఖను మెయిన్ రోడ్డుకు మారుస్తున్నారని తెలిసింది. ఇనుప బీరువాను లారీకి ఎక్కిస్తుంటే ఆయన కుర్సీలోంచి లేచి నిలబడ్డాడు. అంతమంది జనంలో ఆయన నిలబడి ఉండటం నేను చూసింది ఆ రోజే.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక కాగితం పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. కాలనీకి బ్యాంకు మళ్లీ కావాలని పైవాళ్లకు అర్జీ. సంతకాలు పోగు చేస్తున్నాడు. ముసలితనం వచ్చింది. గడప ఎక్కడానికి తలుపు పట్టుకున్నాడు.

"ఓ సంతకం పెట్టు బిడ్డా" అన్నాడు.

"నేను పెట్ట కాకా."

ఆయన కాగితం నా మిషను మీద పెట్టాడు, పెట్టననడం వినబడనట్టు. నేను దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను. అప్పుడు నా ముఖంలోకి చూశాడు.

"గా పాత ముచ్చట ఇంకా మనసుల పెట్టుకున్నవా?"

ఇన్నేళ్లలో ఆయన మరిచిపోయి ఉంటాడనుకున్నాను. మరిచిపోలేదు. ఏ ముచ్చటో నేను చెప్పకముందే ఆయనకు తెలుసు.

"నీకు మంచే అయింది" అన్నాడు. "నర్సువైతే రాత్రులు డ్యూటీలని తిరుగుతుంటివి. ఇప్పుడు సక్కగ ఇంటి పట్టున ఉన్నవ్. సొంత దుకాణం. నీకేం తక్కువయింది చెప్పు?"

కత్తెర నా చేతిలోనే ఉంది. బల్ల మీద పెట్టాను.

"కాకా, మీరు పెద్దోళ్లు. మీ కాగితం తీస్కొని పోండి. మీరు ఉన్నన్ని రోజులు ఈ గల్లీకి బ్యాంకు రావద్దని నేను దండం పెట్టుకుంట."

కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. ఏదో అనబోయాడు. బట్టలు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరాడవాళ్లు గడప దగ్గర నిలబడి ఉండటం చూసి ఆగిపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బ్యాంకు ఉన్న చోటికి బంగారం మీద అప్పులిచ్చే కంపెనీ ఒకటి వచ్చింది. అద్దాల తలుపులు, తుపాకీ పట్టుకున్న కాపలా మనిషి. ఆ మనిషి ఎక్కడి నుంచో వచ్చినవాడు, ఈయన ఎవరో అతనికి తెలియదు. మొదటి రోజే, "చాచా, కుర్సీ ఉధర్ లగావ్" అని, అటు పక్కకు జరుపుకొమ్మని వేలు చూపించాడట. నా ఇల్లు అని ఈయన అరిచాడట. ఆఫీసు రూలు అన్నాడట ఆ మనిషి. ఈసారి మోటారు ఆపినా లాభం లేదు, వాళ్లు నీళ్ల డబ్బాలు తెప్పించుకుంటారు. కుర్సీ మేడ మీదికి పోయింది. ఈ సంగతి విన్న రోజు నాకు సంతోషమైంది. ఎవరి దగ్గరా దాచలేదు, అవ్వకు కూడా పోయి చెప్పాను.

ఆయన పోయాక సంతాపసభ పెట్టారు. మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. చందాకు వచ్చిన పిల్లలు, "అక్కా, అందరు ఇస్తున్నరు" అన్నారు.

"అందరు ఇస్తున్నరు గదా తమ్మీ, సరిపోతయి" అన్నాను.

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఒక మధ్యాహ్నం, గల్లీలో ఎవరూ లేని వేళ, ఆయన భార్య నా దుకాణం గడప ఎక్కింది. ఆమె మా ఇంటివైపు రావడం నేను ఎన్నడూ చూడలేదు. కుర్సీ జరిపి కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"బిడ్డా, బ్యాంకు యాడుంటది?" అంది.

నాకు అర్థం కాలేదు. "మీ ఇంట్లనే ఉండె గదా పెద్దమ్మా ఇన్నేండ్లు."

"నేను లోపటికి ఎన్నడు పోలే. ఇంటోళ్లు బ్యాంకుకు వస్తె నామోషి అనెటోడు. నా పేరు మీద ఏం లేదు. ఆధార్ కార్డు తప్ప కాయితం ముక్క లేదు." రవికలోంచి మడిచిన కవరు తీసింది. "బాల్కొండ కాడ మా పుట్టింటి భూమి రోడ్డుల పోయింది. మా తమ్ముడు నా వాటా నాకు ఇచ్చిండు. చెక్కంట. మా పిలగానికి తెల్వదు. తెలిస్తె నా చేతికి రాదు."

మిషను మీది గుడ్డ తీసి మడిచాను. ఆ ఇంటి మనిషికి నేను ఎందుకు చెయ్యాలి అన్న మాట నాలుక దాకా వచ్చింది. దాని బదులు వేరే మాట అడిగాను.

"గింతమంది ఉన్నరు. నా దగ్గరికే ఎందుకొచ్చినవ్ పెద్దమ్మా?"

"అందరు వచ్చిన్రు బిడ్డా. మంచోడు, మంచోడు అని ఏడ్సిన్రు." కొంగుతో ముఖం తుడుచుకుంది, ఏడుపు మాత్రం లేదు. "నువ్వొక్కదానివే రాలే. అందుకే వచ్చిన."

దుకాణానికి షటరు దించాను. ఆటోలో మెయిన్ రోడ్డు బ్యాంకుకు పోయాం. ఆమె నా మోచెయ్యి వదల్లేదు. లోపల ఫారం నింపే అమ్మాయి అన్నీ అడిగి, "మొబైల్ నంబరు చెప్పండి" అంది. పెద్దమ్మ తన కొడుకు నంబరు చెప్పడం మొదలు పెట్టింది. ఆమెకు నోటికి వచ్చిన నంబరు అదొక్కటే. నేను ఆపాను.

"ఈ నంబరుకు మెసేజులు పోతాయా?" అని అడిగాను.

"పోతాయండి. పైసలు పడ్డా, తీసినా, ప్రతిసారి పోతాయి."

పెద్దమ్మ కుర్సీలోంచి లేచింది. "అయితె వద్దు బిడ్డా. పోదాం పా" అంది.

పక్కనే ఫోన్ల దుకాణం ఉంది. బొత్తాలున్న చిన్న ఫోను, అందులో ఆమె పేరు మీద సిమ్ము తీసుకున్నాం. దుకాణపు అబ్బాయి బొటనవేలు ముద్ర అడిగితే, ఇన్ని గిన్నెలు తోమిన ఆ వేలి మీద గీతలు దొరక్క, వేలు మార్చి వేలు పెట్టించాడు. చివరికి ఒక వేలు పడింది. మర్నాడు మళ్లీ బ్యాంకుకు పోయాం. ఖాతా తెరిచాం. చెక్కు వేశాం.

నాలుగైదు రోజులు పోయాక ఆమె నా దుకాణంలో కూర్చుని ఉంది. ఇప్పుడు వచ్చినప్పుడల్లా కూర్చుంటోంది. అవ్వకు గుడ్డ పీలికలు అందిస్తూ ఏదో మాట్లాడుతోంది. ఇద్దరూ ఆయన మాట ఎత్తరు. అప్పుడు రవికలో ఫోను మోగింది. ఉలిక్కిపడి తీసి నాకు ఇచ్చింది.

"ఏమొచ్చింది?"

"చెక్కు పైసలు పడ్డయి పెద్దమ్మా."

"ఎంత పడ్డయో చదువు."

నేను చదవలేదు. అంకె దాకా కళ్లు పోకుండానే ఫోను ఆమె చేతిలో పెట్టాను. "అంకెలు నీకొస్తయి గదా. నువ్వే చూసుకో."

ఆమె నన్నోసారి చూసింది. అవ్వ వైపు చూసింది. తర్వాత మెల్లగా గోడవైపు తిరిగి, ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చదువుకుంది. పెదవులు కదిలాయి. చప్పుడు మాత్రం బయటికి రాలేదు.